ర్యాప్ పాటేనా? యాభై ఏళ్లుగా ఇదే ప్రశ్న.. ఇంట్లో అడగాల్సింది మాత్రం వేరు

2025 అక్టోబర్‌లో అమెరికా నుంచి వచ్చిన ఒక చిన్న వార్త పెద్ద చర్చకే దారితీసింది. జనం ఏ పాటను ఎక్కువ విన్నారో వారం వారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో, మొదటి 40 స్థానాల్లో ఒక్క ర్యాప్ పాట కూడా లేకుండా పోయింది. 1990 తర్వాత ఇలా జరగడం అదే మొదటిసారి. వెంటనే "ర్యాప్ పనైపోయింది" అన్నవాళ్లు బయల్దేరారు. "అసలు అది సంగీతమైతే కదా నిలబడడానికి" అని ఇంకొందరు తోడయ్యారు.

పాత పాటలను పట్టిక నుంచి తప్పించే నిబంధన సరిగ్గా అప్పుడే మారడం కూడా దీనికి ఒక కారణం. పైగా అదే ఏడాది ఫిబ్రవరిలో కెండ్రిక్ లమార్ అనే ర్యాపర్ పాట గ్రామీల్లో 'సాంగ్ ఆఫ్ ది ఇయర్'తో కలిపి ఐదు అవార్డులు గెలిచింది. వారం తిరగ్గానే అమెరికాలో అందరూ చూసే సూపర్ బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్ విరామంలో ప్రధాన ప్రదర్శన ఆయనదే. పనైపోయిన కళకు ఇంత వేదిక ఎవరూ ఇవ్వరు.

ఈ గొడవంతా అమెరికాది, మనకెందుకు అనుకోవడానికి లేదు. హైదరాబాద్ పాతబస్తీలో, గుంటూరులో, కర్నూలులో, నిజామాబాద్‌లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పెదాలు గబగబా కదిలించే పిల్లాడు చాలా ఇళ్లలో ఉన్నాడు. "ఇదేం పాటరా, వాగుడు తప్ప" అని అబ్బా విసుక్కుంటారు. "మీకు అర్థం కాదు" అని వాడు తలుపేసుకుంటాడు. ముస్లిం ఇళ్లలో దీనికి ఇంకో పొర కూడా ఉంది: సంగీతమే కాకపోతే అభ్యంతరం ఎందుకు? సంగీతమైతే జాయజేనా? అంటే అమెరికాలో సంగీత విమర్శకులు వాదించుకునే ప్రశ్న ఇక్కడ దీన్‌కు సంబంధించిన ప్రశ్నగా మారుతోంది. అందుకే కాస్త నిదానంగా చూడాలి.

రెండు గ్రామఫోన్లతో మొదలు

ర్యాప్ పుట్టినరోజుగా అందరూ చెప్పే తేదీ 1973 ఆగస్టు 11. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు అపార్ట్‌మెంట్. బడులు తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని ఒక అమ్మాయి ఆ భవనంలోని కామన్ హాల్లో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్ క్యాంప్‌బెల్. జమైకా నుంచి వలస వచ్చిన ఆ కుర్రాడిని లోకం డీజే కూల్ హెర్క్ అని పిలుస్తుంది.

అతను ఒక సంగతి గమనించాడు. పాటలో గాయకుడు ఆగి, డ్రమ్ములు మాత్రమే మోగే కొన్ని సెకన్లలోనే జనం విరగబడి ఆడుతున్నారు. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి, రెండు యంత్రాల మీద పెట్టి, ఆ కాసేపటి ముక్కనే మార్చి మార్చి నిమిషాల తరబడి సాగదీశాడు. ఆ దరువు మీద మైకు పట్టుకుని ప్రాసలతో మాట్లాడడం మొదలైంది. అదే ర్యాప్.

ఆ ప్రాంతం అప్పుడు ఎలా ఉందో కూడా చెప్పుకోవాలి. బస్తీల మధ్య నుంచి ఎక్స్‌ప్రెస్‌వే వేసి వేల కుటుంబాలను లేపేశారు. అద్దెలు రాని భవనాలు వరసగా తగలబడ్డాయి. నగరపాలక సంస్థ దివాలా అంచుకు చేరింది. గిటార్లు, పియానోలు కొనే స్తోమత లేని నల్లజాతి పిల్లలు, స్పానిష్ మాట్లాడే ప్యూర్టోరికో పిల్లలు ఇంట్లో ఉన్న పాత రికార్డులనే వాయిద్యాలుగా చేసుకున్నారు.

1979లో 'రాపర్స్ డిలైట్' రికార్డు దేశమంతా మోగింది. 1982లో వచ్చిన 'ది మెసేజ్' బస్తీ బతుకును ఉన్నదున్నట్టు చెప్పి, ఇది పార్టీ పాట మాత్రమే కాదని తేల్చింది. ఆ పాటను అమెరికా జాతీయ గ్రంథాలయం 2002లో శాశ్వతంగా భద్రపరచాల్సిన రికార్డుల జాబితాలో చేర్చింది.

దీనికి ముందూ ఒక చరిత్ర ఉంది. అందులో ముస్లింల పాత్ర చిన్నదేం కాదు. బాక్సర్ ముహమ్మద్ అలీ, ఇంకా క్యాషియస్ క్లేగా ఉన్న 1963లోనే, ప్రాసలతో ప్రత్యర్థులను ఆటపట్టిస్తూ ఏకంగా ఒక ఆల్బమ్ విడుదల చేశారు. 1968లో మాల్కం ఎక్స్ జయంతి రోజున హార్లెమ్‌లో 'ది లాస్ట్ పోయెట్స్' అనే కవుల బృందం పుట్టింది. డోలు దరువు మీద కవిత్వం చెప్పడం వాళ్ల పద్ధతి. ఆ బృందంలో పేరు తెచ్చుకున్న ముస్లిం కవి జలాలుద్దీన్ మన్సూర్ నూరిద్దీన్‌ను చాలామంది 'ర్యాప్‌కు తాత' అంటారు.

రాగం లేకపోతే సంగీతం కాదా?

ర్యాప్ మీద మొదటి అభ్యంతరం సూటిగా ఉంటుంది. ఇందులో రాగం లేదు, గొంతు లేదు, మాట్లాడడమే కదా? రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 2015లో, స్వరజ్ఞానం లేనివాళ్ల కోసమే ర్యాప్ అన్న అర్థంలో ఎగతాళి చేశారు. అమెరికా మితవాద వ్యాఖ్యాత బెన్ షపీరో 2019లో దీన్నే సిద్ధాంతంగా చెప్పారు. సంగీతానికి రాగం, స్వరమేళనం, లయ అనే మూడూ ఉండాలి, ర్యాప్‌లో ఉన్నది లయ ఒక్కటే, కాబట్టి అది సంగీతం కాదు అని ఆయన వాదన.

ఈ కొలబద్ద మన దగ్గర పెట్టి చూస్తే ఏమవుతుంది? కచేరీలో మృదంగం విద్వాంసుడు తని ఆవర్తనంలో జతులు నోటితో పలుకుతాడు. కొన్నక్కోల్ అంటారు దాన్ని. రాగం లేదు, అర్థమున్న మాట కూడా లేదు. ఉన్నదల్లా లెక్క, లయ. అది సంగీతం కాదని ఏ సభలోనూ ఎవరూ లేచి వెళ్లిపోరు. హైదరాబాద్ బారాత్‌లో మర్ఫా మోగుతుంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు బార్కస్‌లో, ఏసీ గార్డ్స్‌లో నిలబెట్టిన దరువు అది. అందులో రాగం ఎంత? పెళ్లికొడుకు మేనమామ మాత్రం ఆ ప్రశ్న అడగడు, ముందు ఆడతాడు.

ముషాయిరాలకు వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. షాయర్లు రెండు రకాలుగా చదువుతారు. రాగం తీసి చదివితే తరన్నుమ్. రాగం లేకుండా, మాటల బరువు మీద, విరుపు మీద చదివితే తహతుల్లఫ్జ్. రెండో పద్ధతిలో చదివేవాడికి కళ లేదని ఎవరూ అనరు. మర్సియాను తహత్‌లో చదివి మజ్లిస్ మొత్తాన్ని ఏడిపించిన వాళ్లున్నారు. ర్యాప్ చేసేది దాదాపు ఇదే. ఖాఫియా ఎక్కడ పడాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, దరువుకు ఒక్క క్షణం ముందు మాట వేయాలా, వెనక వేయాలా.. ఈ లెక్కనే వాళ్లు 'ఫ్లో' అంటారు. నాలుగు దెబ్బలకు ఒక వరస, సాధారణంగా పదహారు వరసలకు ఒక చరణం. అదే పదహారు వరసలను పది మంది పలికితే పది రకాలుగా వినిపిస్తుంది. అంటే గొంతును తీగలా కాకుండా డోలులా వాడుతున్నారన్నమాట. డోలు వాయిద్యమే అయినప్పుడు, డోలులా మోగే గొంతుకు ఆ హోదా ఎందుకుండదు?

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడాలి. రాగం ఉన్నా సంగీతం అనిపించుకోనివి కూడా ఉన్నాయి. అజాన్‌లో స్వరం ఉంది. ఖారీల తిలావత్‌లో మఖామ్‌లు ఉన్నాయి, ఏళ్ల తరబడి శిక్షణ ఉంది. అయినా ఏ ముస్లిమూ దాన్ని పాట అనడు, "చదివారు" అంటాడు. అమెరికాలో పనిచేసిన ముస్లిం పండితురాలు లోయిస్ లమ్యా అల్ ఫారూఖీ 1985లో ఈ విషయం మీద ఒక పేరున్న పరిశోధనా వ్యాసం రాశారు. ముస్లిం సమాజాల్లో 'మూసీఖీ' అనే మాట శబ్దకళ మొత్తానికి వర్తించదని ఆమె చూపారు. అన్నిటికన్నా పైన తిలావత్, దాని కింద అజాన్, హమ్ద్, నాత్ వంటివి.. ఇవేవీ మూసీఖీ లెక్కలోకి రావు. కిందికి దిగేకొద్దీ వివాదం మొదలవుతుంది, అట్టడుగున నిషేధం ఉంటుంది. ఆ మెట్లను నిర్ణయించేది స్వరం ఉందా లేదా అన్నది కాదు. ఏం చెబుతున్నారు, ఎక్కడ, ఎందుకు అన్నదే.

కాబట్టి సాంకేతికంగా అడిగితే జవాబు కష్టమేమీ కాదు. లయ, ప్రాస, శబ్ద కూర్పు ఉన్న ర్యాప్ సంగీతంలో భాగమే. 2018లో కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌కు సంగీత విభాగంలో పులిట్జర్ బహుమతి ఇచ్చారు. శాస్త్రీయ సంగీతానికి, జాజ్‌కు తప్ప ఇంకెవరికీ దక్కని బహుమతి అది.

దొంగ సరుకు అన్న మాట

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. ఎవరో వాయించిన ముక్కను ఎత్తుకొచ్చి, దాని మీద మాట్లాడితే సంగీతకారుడు ఎలా అవుతాడు? 'శాంపిల్' చేయడం అంటే ఇదే. ఇందులో నిజం ఉంది. 'రాపర్స్ డిలైట్' కింద మోగేది షిక్ అనే బృందం పాటలోని వాద్యం. ఆ బృందం వాళ్లు కేసు వేస్తామన్నాకే పాట హక్కుల్లో వాళ్ల పేర్లు చేర్చారు. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద నడిచిన కేసులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి దొంగతనం కూడదన్న దైవాజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టారు. ఆ తర్వాత అనుమతి, డబ్బు లేకుండా శాంపిల్ వాడడం దాదాపు అసాధ్యమైంది.

అయితే ఆ తీర్పు వల్ల ఒక విషయం తేలింది. పాత ముక్కలు దొరక్కపోతే చచ్చిపోయే కళే అయితే ర్యాప్ 1991లోనే ఆగిపోవాలి. ఆగలేదు. కీబోర్డుతో, కంప్యూటర్‌తో సొంత దరువులు కట్టుకున్నారు. 2017 వచ్చేసరికి, నీల్సన్ లెక్కల ప్రకారం, హిప్‌హాప్, ఆర్ అండ్ బీ కలిపి రాక్ సంగీతాన్ని దాటి అమెరికాలో జనం అత్యధికంగా వినే సంగీతమైంది.

గ్రామీ అవార్డుల్లో ర్యాప్‌కు తొలిసారి బహుమతి ఇచ్చింది 1989లో. కానీ ఆ బహుమతి ప్రదానాన్ని టీవీలో చూపించలేదు. గెలిచిన విల్ స్మిత్, డీజే జాజీ జెఫ్ వేడుకకు వెళ్లకుండా నిరసన తెలిపారు. బహుమతి ఇస్తాం గానీ నలుగురి ముందు కాదు అన్నట్టుంది వ్యవహారం. ఒకప్పుడు జాజ్‌ను కూడా ఇలాగే రణగొణధ్వని అన్నారు. ఇక ర్యాప్ సంగీతమే కాదన్న బెన్ షపీరో 2024 జనవరిలో టామ్ మెక్‌డొనాల్డ్ అనే ర్యాపర్‌తో కలిసి తనే ఒక ర్యాప్ చేశారు. అది హాట్ 100లో 16వ స్థానానికి వెళ్లింది. తనకు చెప్పాల్సిన మాట ఉన్నప్పుడు ఆయనకూ ఆ దరువే కావాల్సి వచ్చింది!

ఈ వరసంతా చూస్తే అర్థమయ్యేది ఒకటే. "ఇది సంగీతమేనా" అన్న ప్రశ్న వెనక చాలాసార్లు ఇంకో ప్రశ్న దాక్కుని ఉంటుంది: "వీళ్లు మాట్లాడితే మనం వినాలా?"

ఎందుకు చావడం లేదు?

ర్యాప్ నిలబడడానికి మొదటి కారణం ఖర్చు. హార్మోనియం అక్కర్లేదు, ఉస్తాద్ దగ్గర పదేళ్లు కూర్చోనక్కర్లేదు, స్టూడియో అద్దె అక్కర్లేదు. ముంబై కుర్లాకు చెందిన నావేద్ షేక్ 2014లో ఒక ఐప్యాడ్ మీదే రికార్డు చేసి, దానితోనే వీడియో తీసి వదిలాడు. నేజీగా అందరికీ తెలిసింది అతనే. అతని కథ, డివైన్ అనే మరో ర్యాపర్ కథ స్ఫూర్తితోనే 2019లో 'గల్లీ బాయ్' సినిమా వచ్చింది. ఆ ఏడాది ఆస్కార్‌కు భారత్ తరఫున వెళ్లిందీ అదే. పుణెలోని బస్తీ నుంచి వచ్చిన ఎంసీ స్టాన్ 2023 ఫిబ్రవరిలో బిగ్‌బాస్ హిందీ గెలిచాడు. ముంబై గోవండీ నుంచి సానియా ఎంక్యూ అనే అమ్మాయి తలమీద స్కార్ఫ్‌తోనే ర్యాప్ చేసి పేరు తెచ్చుకుంది.

రెండో కారణం భాష. మిగతా సంగీతంలో భాష రాగానికి లొంగాలి. ర్యాప్‌లో దరువే భాషకు లొంగుతుంది. అందుకే అది ఏ దేశం వెళితే ఆ దేశపు వీధి భాష మాట్లాడుతుంది. తెలుగువాళ్లకు ఇది 1994లోనే రుచి చూపించింది. 'ప్రేమికుడు' సినిమాలో రహమాన్ కట్టిన 'పేట ర్యాప్' ఊరూరా మోగింది. రోల్ రైడా, నోయెల్ వంటివాళ్లు తెలుగు ర్యాప్‌ను సినిమాకు, టీవీకి తీసుకెళ్లారు.

హైదరాబాద్ దక్కనీకి జరిగింది ఇంకా ఆసక్తికరం. మెహమూద్ కాలం నుంచి హిందీ సినిమాలో దక్కనీ అంటే నవ్వులాట భాషే. సులేమాన్ ఖతీబ్, సర్వర్ డండా లాంటి కవులు ఆ భాషలోనే నవ్విస్తూ గుండెను మెలిపెట్టే కవిత్వం చెప్పారు. జిందా దిలానే హైదరాబాద్ వాళ్ల ముషాయిరాలు దాన్ని బతికించాయి. కానీ కొత్త తరం కుర్రాళ్లు ముషాయిరాకు వెళ్లడం తగ్గింది. అలాంటి సమయంలో రుహాన్ అర్షద్ అనే హైదరాబాద్ కుర్రాడి 'మియా భాయ్' వచ్చి కోట్లాది మంది చూసేదాకా వెళ్లింది. పాట నాణ్యత మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ పాతబస్తీ యాసను దాచుకోకుండా, వెక్కిరింతగా కాకుండా, గొప్పగా పలకడం ఆ పిల్లలకు కొత్త అనుభవం.

మూడో కారణం అన్నిటికన్నా పెద్దది. ర్యాప్‌లో "నేను" అన్న మాటకు విలువ ఎక్కువ. సినిమా పాటలో ఎవరో రాస్తారు, ఎవరో పాడతారు, ఇంకెవరో పెదాలు కదుపుతారు. ర్యాప్‌లో ఎవరి మాట వాళ్లే రాసుకోవాలని, తాను బతికిందే చెప్పాలని ఒక కట్టుబాటు. అందుకే చెప్పుకోవడానికి వేరే చోటు లేనివాళ్లు దీని దగ్గరికి వస్తారు. లిద్ పట్టణానికి చెందిన పాలస్తీనా బృందం 'డామ్', అసలు ఉగ్రవాది ఎవరు అని 2001లో అరబీలో ప్రశ్నించింది. ట్యునీషియాలో 'ఎల్ జనరాల్' అనే కుర్రాడు 2010 చివర్లో దేశాధ్యక్షుడిని నిలదీస్తూ ర్యాప్ చేశాడు. 2011 జనవరి 6న అరెస్టు చేశారు. ఎనిమిది రోజులకు ఆ అధ్యక్షుడే దేశం విడిచి పారిపోయాడు. ఇరాన్‌లో నిరసనలకు మద్దతుగా నిలిచిన ర్యాపర్ తూమాజ్ సాలెహీకి 2024 ఏప్రిల్‌లో ఉరిశిక్ష వేశారు. పై కోర్టు ఆ శిక్ష కొట్టేసింది, డిసెంబర్‌లో విడుదలయ్యాడు. అదే ఏడాది మే నెలలో అమెరికన్ ర్యాపర్ మాకిల్‌మోర్, గాజాలో చనిపోయిన ఐదేళ్ల హింద్ రజబ్ పేరును తన పాట పేరులో పెట్టాడు. కొలంబియా యూనివర్సిటీ విద్యార్థులు తాము ఆక్రమించిన భవనానికి ఆ పాప పేరు పెట్టిన సంఘటనే దానికి మూలం. పాట మీద వచ్చిన డబ్బును పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థకు ప్రకటించాడు.

సంగీతం కాదని కొట్టిపారేసిన దానికి ప్రభుత్వాలు జైళ్లు, ఉరితాళ్లు సిద్ధం చేయడం చిత్రమే. పాలకులకు అది సంగీతమా కాదా అన్న సందేహం ఎప్పుడూ రాలేదు. అది మాట అని వాళ్లకు బాగా తెలుసు.

పొన్నెకల్లు నాజర్ చెప్పిన కథ

ఈ పని తెలుగు నేలకు కొత్తేం కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ నిరుపేద దూదేకుల కుటుంబం బిడ్డ. ఆయన జీవితకథ పుస్తకం పేరే 'పింజారీ'. బుర్రకథలో మధ్యన తంబురాతో కథకుడు, ఇరుపక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబితే ఇంకొకరు రాజకీయం చెబుతారు. పాట, వచనం, దరువు, అడుగు, నడుమ ఎత్తిపొడుపు.. అన్నీ కలిసి పరుగెడతాయి. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ పల్నాటి యుద్ధం చెప్పినా, బెంగాల్ కరువు చెప్పినా జనం రాత్రంతా కూర్చుని విన్నారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 'బుర్రకథ పితామహుడు' అని ఈరోజుకీ పిలుస్తారు.

బుర్రకథ నుంచి ర్యాప్ పుట్టలేదు, ర్యాప్‌కు బుర్రకథ తెలియదు. రెండింటినీ ఒకటే అనడం రెండింటికీ అన్యాయం. కానీ ఒక పేద ముస్లిం కుర్రాడు నోటి మాటను దరువు మీద పెట్టి ఊరంతటినీ వినేలా చేయడం బ్రాంక్స్ కన్నా ముందే గుంటూరులో జరిగింది. ఆ రోజు "ఇది శాస్త్రీయ సంగీతం కాదు" అన్నవాళ్లు ఉండే ఉంటారు. నాజర్ గొంతు నిలిచింది.

మరి దీన్ ఏమంటుంది?

ముస్లిం కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే. దీన్ని దాటవేయడం నిజాయితీ కాదు. నాలుగు ఫిఖహ్ మజ్‌హబ్‌ల పండితుల్లో అత్యధికులు వాయిద్యాలను అనుమతించలేదు. పండుగ, నికాహ్ సందర్భాల్లో దఫ్‌కు సడలింపు ఉంది. ఈద్ రోజున హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఇద్దరు బాలికలు దఫ్‌తో పాడిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. నిషేధానికి ఆధారంగా చూపే హదీసులు బలహీనమని అందలూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ అన్నారు. ఇమామ్ గజాలీ సమా గురించి 'ఇహ్యా'లో షరతులతో చర్చించారు. భేదాభిప్రాయం ఉంది గానీ, మెజారిటీ మాట ఎటువైపో కూడా స్పష్టమే.

ర్యాప్ చేసేవాళ్లలోనే ఈ ఘర్షణ కనిపిస్తుంది. 'మియా భాయ్' రుహాన్ అర్షద్ 2021లో, పేరు మీదున్నప్పుడే, సంగీతం హరామ్ అంటూ ఆ రంగం వదిలేస్తున్నట్టు ప్రకటించాడు. అమెరికాలో టుపాక్ బృందంలోని ముతా బీల్, బ్యాడ్ బాయ్ కంపెనీ ర్యాపర్ లూన్ కూడా ఇస్లాం వైపు వచ్చాక సంగీతం మానేశారు. ముస్లింగానే పెరిగిన లూప్ ఫియాస్కో, ఇస్లాం స్వీకరించిన యాసీన్ బే కొనసాగారు. వదిలినవాడిని పిరికివాడని, కొనసాగినవాడిని దీన్ లేనివాడని తీర్పు చెప్పడం సోషల్ మీడియాకు తేలిక. ఆ నిర్ణయం వెనక ఎన్ని రాత్రుల మథనం ఉందో వాళ్లకే తెలుసు.

వాయిద్యం మాట పక్కన పెడితే, మాట గురించి మన సంప్రదాయం చాలా స్పష్టంగా ఉంది. కవిత్వం కూడా మాటే, అందులో మంచి మంచిదే, చెడు చెడే అన్నది ఇమామ్ షాఫయీ వంటివారి వైఖరి. ముహమ్మద్ ప్రవక్త (స) స్వయంగా హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి)ను, శత్రువుల నిందలకు కవిత్వంతో బదులివ్వమన్నారు. ఆయన కోసం మస్జిదులో మింబర్ వేయించిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. దివ్య ఖుర్ఆన్ 26వ సూరా పేరే 'అష్షుఅరా', అంటే కవులు. దాని చివరి ఆయతులు కవులను మందలించేది రెండు సంగతుల మీద: దారీ తెన్నూ లేకుండా తిరగడం, చేయనిది చెప్పడం. విశ్వసించి మంచి పనులు చేసేవారికి, అన్యాయానికి గురై తమను కాపాడుకునేవారికి అక్కడే మినహాయింపు కూడా ఉంది.

చేయనిది చెప్పకూడదన్న నియమం, నువ్వు బతకనిది పాడకు అన్న ర్యాప్ కట్టుబాటు ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించాలి. ర్యాప్‌లో ఎక్కువ భాగం ఓడిపోయేది కూడా ఈ పరీక్షలోనే. ఎప్పుడూ తుపాకీ పట్టని కుర్రాడు తుపాకీ గురించి, అద్దె గదిలో ఉండేవాడు కోట్ల కార్ల గురించి పాడుతున్నాడు. ఆడవాళ్లను సరుకులా చూపించే మాటలకు, బూతుకు మార్కెట్ ఉంది. కంపెనీలకు కావాల్సింది అదే. బ్రాంక్స్ పేదరికం గురించి చెప్పిన కళ, ఆ పేదరికాన్నే వేషంగా అమ్ముకునే వ్యాపారం కూడా అయింది. దీన్ని ఒప్పుకోకుండా ర్యాప్‌ను సమర్థించడం కుదరదు.

పెద్దవాళ్ల భయంలో ఇంకో న్యాయం ఉంది. పాటలోని మాట పాటలోనే ఉండిపోదు. అమెరికా కోర్టుల్లో ప్రాసిక్యూటర్లు ర్యాప్ మాటలనే నేరానికి సాక్ష్యంగా చూపిస్తూ వచ్చారు. ఇది మరీ ఎక్కువైందనే కాలిఫోర్నియా 2022లో ఆ వాడకాన్ని పరిమితం చేస్తూ చట్టం తెచ్చింది. మన దేశంలో 2023లో మహారాష్ట్ర ప్రభుత్వాన్ని విమర్శిస్తూ చేసిన ర్యాప్‌ల మీద కేసులు పడ్డాయి. పేరు చూసే అనుమానించే రోజుల్లో, ముస్లిం కుర్రాడు కోపంతో వదిలిన ఒక వీడియో అతని ఉద్యోగానికో, పాస్‌పోర్టుకో అడ్డం పడుతుందేమోనని అమ్మీ భయపడితే అది చాదస్తం కాదు.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్న

"ఇది పాటేనా" అని అబ్బా అడిగినంత కాలం కొడుకు తలుపేసుకుంటూనే ఉంటాడు. ఎందుకంటే ఆ ప్రశ్నకు వాడికి వినిపించే అర్థం, "నీ మాట వినను" అని. దాని బదులు "ఏం చెబుతున్నాడు, చదివి వినిపించు" అంటే సంగతి మారుతుంది. దరువు ఆపేసి, తహత్‌లో, మాట మాత్రమే చదవమంటే సరిపోతుంది. అప్పుడు మూడు సంగతులు వాటంతట అవే బయటపడతాయి. అందులో నిజం ఉందా, వేషమా? అమ్మీ, అక్క ఎదురుగా ఆ వరస చదవగలడా? ఎవరి తరఫున మాట్లాడుతున్నాడు? సగం పాటలు ఈ పరీక్షలోనే రాలిపోతాయి, అదీ అబ్బా నోరు తెరవకుండానే. మిగిలిన సగంలో పెద్దవాళ్లు తెలుసుకోవాల్సింది ఏదో ఉండొచ్చు: అద్దెకు ఇల్లు ఇవ్వని కాలనీ గురించో, తనిఖీలో ఆపిన పోలీసు గురించో, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని బాధ గురించో. వాయిద్యం విషయంలో ఏ ఆలిమ్ మాట పాటించాలన్నది ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు. విన్నాక చెప్పిన "వద్దు"కూ, వినకుండా చెప్పిన "వద్దు"కూ చాలా తేడా ఉంది.

బిల్‌బోర్డ్ పట్టికలో ర్యాప్ మళ్లీ ఎప్పుడు పైకి వస్తుంది, ఎన్నాళ్లుంటుంది అన్నది కంపెనీల లెక్క. 1973లో ఆ కామన్ హాల్లో ఏ పట్టికా లేదు. కొత్త బట్టలకు డబ్బు కావాల్సిన పిల్లలు, రెండు పాత యంత్రాలు, ఒక మైకు ఉన్నాయి. చెప్పుకోవాల్సిన మాట ఉండి, వినేవాళ్లు లేని పిల్లలు ఏదో ఒక గల్లీలో ఉన్నన్నాళ్లూ ఆ మైకు ఖాళీగా ఉండదు.